ఏసీఎల్ గట్టిగానే ఉంది, మోకాలు మాత్రం తిరుగుతోంది: ఎల్‌ఈటీ, ఏఎల్‌ఎల్, ర్యాంప్, స్లోప్

1. కావలి_ఫిజియో

అందరికీ నమస్తే. 20 ఏళ్ళ కబడ్డీ రైడర్, కుడి మోకాలు. ఏసీఎల్ (మోకాలి మధ్యలో కింది ఎముక ముందుకు జారకుండా, మెలిక పడకుండా కాసే కట్టు) చోట హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్, అంటే తొడ వెనక స్నాయువు, వేసిన ఆపరేషన్ అయి 14 నెలలు. లాక్‌మన్ (కింది ఎముకను ముందుకు లాగి చూసే పరీక్ష) చూస్తే గట్టిగా ఆగుతోంది, ఎడమ కాలికీ దీనికీ తేడా 2 మి.మీ. దాటదు. పివట్ షిఫ్ట్ (మోకాలి తిరుగుడు చూసే పరీక్ష) మాత్రం గ్రేడ్ 2. టక్కుమని చేతికి తెలుస్తోంది.

నేరుగా పరుగెత్తితే ఇబ్బంది లేదు. కాలు నేలకు నాటి ఒళ్ళు తిప్పినప్పుడే మోకాలు పట్టు తప్పుతోందంటున్నాడు. తొడ ముందు కండ బలం ఎడమ కాలితో పోలిస్తే 92 శాతం, కాబట్టి బలం చాలకపోవడం అనుకోలేం. బైటన్ స్కోరు (ఒళ్ళు ఎంత వదులో చెప్పే లెక్క) 9కి 6. మోకాలు చాపితే సున్నా దాటి 12 డిగ్రీలు వెనక్కి పోతుంది. ఎమ్మారై రిపోర్టులో ‘గ్రాఫ్ట్ బాగుంది’ అని ఒక్క ముక్కే ఉంది.

ఇంట్లోవాళ్ళు ‘ఇంకో ఆపరేషన్ చేస్తే సరిపోద్దా’ అని అడుగుతున్నారు. తిరుగుడు ఆపడానికి ఇప్పుడు ఏమేం దారులున్నాయి, దేనికి ముందు ఏం చూడాలి, చెప్పండి.

2. ఒంగోలు_కీలు

దారులు లెక్కపెట్టే ముందు తిరుగుడు ఎక్కడ నుంచి వస్తోందో పట్టుకోవాలి. లాక్‌మన్ గట్టిగా ఉండి పివట్ మిగిలితే నేను నాలుగు చోట్ల వెతుకుతాను.

ఒకటి, తొడ ఎముకలో టన్నెల్ (గ్రాఫ్ట్ దూర్చే రంధ్రం) ఎక్కడుంది. పాత పద్ధతిలో టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) టన్నెల్లోంచే డ్రిల్ పంపితే తొడ వైపు రంధ్రం పైకి, గడియారంలో 12 దగ్గరకు పోయేది. గ్రాఫ్ట్ నిట్టనిలువుగా కూర్చుంటుంది. ముందుకు జారడాన్ని ఆపుతుంది, మెలికను ఆపదు. లాక్‌మన్ బాగుండి పివట్ మిగలడానికి పుస్తకంలో మొదటి కారణం ఇదే. ఇప్పుడు చాలామంది లోపలి వైపు పోర్టల్ (స్కోపు, పనిముట్లు దూర్చే చిన్న కోత) నుంచి, మోకాలు 110 నుంచి 120 డిగ్రీలు మడిచి డ్రిల్ చేస్తున్నారు. అంత మడవకపోతే టన్నెల్ పొట్టిదవుతుంది, వెనక గోడ పగులుతుంది.

రెండు, మెనిస్కస్ (కీలులో రెండు ఎముకల మధ్య మెత్త). లోపలి మెనిస్కస్ వెనక కొస క్యాప్సూల్ (కీలు చుట్టూ ఉండే సంచి) నుంచి ఊడితే అది ర్యాంప్. బయటి మెనిస్కస్ వెనక వేరు తెగితే పివట్ ఒక గ్రేడు పెరుగుతుంది. మొదటి ఆపరేషన్లో ఈ రెండూ కంటపడకుండా పోవడం మామూలే.

మూడు, టిబియా పైభాగం వెనక్కి వాలిన కోణం, అంటే స్లోప్.

నాలుగు, బయటి, లోపలి పక్కల కట్లు: ఐటీ బ్యాండు (తొడ బయటి పక్క పొడుగు పట్టీ) లోతు పొరలు, ఏఎల్‌ఎల్ (ముందు బయటి పక్క కట్టు), ఎంసీఎల్ (లోపలి పక్క కట్టు), వెనక బయటి మూలలోని కట్లు.

ఇవి చూడకుండా ‘ఎల్‌ఈటీ (ఐటీ బ్యాండు పట్టీని మోకాలి బయటి పక్క బిగించి తిరుగుడు ఆపే ఆపరేషన్) వేసేద్దాం’ అంటే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు, పడకపోయినా తెలీదు.

3. పొగతోట_పీజీ

సార్, పివట్ షిఫ్ట్ ఒక్కొక్కరు ఒక్కో గ్రేడు చెప్తున్నారు. మెలకువగా ఉన్న మనిషిలో చూసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

4. ఒంగోలు_కీలు

పెద్దగా నమ్మొద్దు. నొప్పి భయంతో కండ బిగిస్తే గ్రేడ్ 2 కూడా సున్నా అయిపోతుంది. అసలు తీర్పు మత్తు ఇచ్చాక బల్ల మీద.

మడమ పట్టుకుని కాలు పూర్తిగా చాపు, పాదాన్ని లోపలికి తిప్పు. రెండో చేత్తో మోకాలి కింద బయట నుంచి లోపలికి నెడుతూ మెల్లగా మడువు. చాపి ఉన్నప్పుడు టిబియా బయటి భాగం ముందుకు జారి ఉంటుంది. 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఐటీ బ్యాండు ఇరుసు దాటి వెనక్కి పోయి దాన్ని తిరిగి చోటుకు లాగేస్తుంది. నీ చేతికి తెలిసేది ఆ వెనక్కి రావడమే. జారుడు మాత్రమే తెలిస్తే 1, టక్కుమంటే 2, ఒక్క క్షణం ఇరుక్కుని పెద్దగా కదిలితే 3. మంచి కాలికి కూడా చెయ్యాలి. ఒళ్ళంతా వదులున్న వాళ్ళలో మంచి మోకాల్లోనూ గ్రేడ్ 1 జారుడు ఉంటుంది.

మోసపోయే చోట్లు రెండు. ఎంసీఎల్ తెగి ఉంటే బయట నుంచి నెట్టినా ఒత్తిడి నిలవదు, పివట్ రాదు. మెనిస్కస్ ముక్క మడతపడి అడ్డం ఉంటే కాలు పూర్తిగా చాపలేం, అప్పుడూ రాదు. రాలేదు కాబట్టి లేదనుకోకూడదు.

5. ఎక్స్‌రే_గది

రిపోర్టులో ‘గ్రాఫ్ట్ బాగుంది’ అని ఉంటే గ్రాఫ్ట్ తెగలేదని మాత్రమే అర్థం. సరైన చోట ఉందా అన్నది వేరే ప్రశ్న, రెఫరల్ కాగితంలో అడిగితేనే మేం కొలుస్తాం. ‘మోకాలి నొప్పి, ఎమ్మారై’ అని ఒక్క లైను రాసి పంపితే జవాబూ ఒక్క లైనే వస్తుంది.

ఈ కేసుకు నాలుగు బొమ్మలు అడగండి.

పక్క నుంచి ఎక్స్‌రే: తొడ ఎముక రెండు గుండ్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి, టిబియా కనీసం 15 సెం.మీ. కనపడాలి. మోకాలు మాత్రమే ఉన్న చిన్న ఫిల్ములో స్లోప్ కొలిస్తే రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది.

నిలబెట్టి తుంటి నుంచి చీలమండ వరకు పొడుగు ఎక్స్‌రే: దొడ్డికాళ్ళు ఉన్నాయేమో తేలుతుంది.

సీటీ: టన్నెల్ ఎక్కడుంది, ఎంత వెడల్పైంది. తొడ వైపు నడిబొడ్డు బ్లూమెన్సాట్ గీత (తొడ ఎముక గుండ్ల మధ్య సందు పైకప్పు గీత) వెంబడి వెనక నుంచి సుమారు 25 శాతం, ఆ గీత నుంచి కిందికి సుమారు 28 శాతం దగ్గర ఉండాలి.

ఎమ్మారై మళ్ళీ చదివించడం: లోపలి మెనిస్కస్ వెనక కొసకూ క్యాప్సూల్‌కూ మధ్య సన్నటి తెల్ల గీత, టిబియా లోపలి వెనక అంచులో ఎముక వాపు ఉంటే ర్యాంప్ అనుమానించాలి. ఒక చిక్కుంది. ఎమ్మారైలో కాలు చాపి ఉంటుంది కాబట్టి చీలిక మూసుకుపోయి కనిపిస్తుంది. ఎమ్మారైలో లేదంటే లేదని కాదు.

కొత్తగా దెబ్బ తగిలిన కేసుల్లో టిబియా బయటి అంచున చిన్న ఎముక రేకు లేచి ఉంటే అది సెగాండ్ ఫ్రాక్చర్. 1879లో సెగాండ్ చెప్పింది. సాదా ఎక్స్‌రేలో ఆ రేకు కనపడితే ఏసీఎల్ తెగిందని దాదాపు రాసిపెట్టుకోవచ్చు.

6. పొగతోట_పీజీ

ఎల్‌ఈటీ ఎవరికి వెయ్యాలి అనేదానికి లెక్క ఏమైనా ఉందా? మా దగ్గర ఒకరు అందరికీ అంటారు, ఒకరు ఎవరికీ వద్దంటారు.

7. దర్గామిట్ట_ఆర్థో

లెక్క ఉంది. గెట్‌గుడ్ బృందం 2020లో ప్రచురించిన స్టెబిలిటీ ట్రయల్ చూడు. 14 నుంచి 25 ఏళ్ళ లోపు 618 మంది, అందరికీ హ్యామ్‌స్ట్రింగ్ ఏసీఎల్, సగం మందికి అదనంగా ఎల్‌ఈటీ. రెండేళ్ళకు గ్రాఫ్ట్ తెగింది ఉత్త ఏసీఎల్ వాళ్ళలో 11 శాతం, ఎల్‌ఈటీ కలిపిన వాళ్ళలో 4 శాతం. మిగిలిపోయిన పివట్‌నో తెగిన గ్రాఫ్ట్‌నో కలిపి ‘ఫెయిల్’ అన్నది 40 శాతం నుంచి 25కి తగ్గింది.

ఆ ట్రయల్లో ఎవరిని తీసుకున్నారన్నది అంతకంటే ముఖ్యం. ఈ మూడింట్లో రెండు ఉండాలి: పివట్ గ్రేడ్ 2 లేదా ఆపైన, మెలికలు తిరిగే ఆటకు తిరిగి పోవాలనుకోవడం, ఒళ్ళు వదులు, అంటే బైటన్ 4 లేదా ఆపైన, లేక మోకాలు 10 డిగ్రీల కంటే ఎక్కువ వెనక్కి పోవడం. కావలి వారు చెప్పిన అబ్బాయికి మూడూ ఉన్నాయి. మొదటిసారే ఎల్‌ఈటీకి సరిపోయే మోకాలు అది.

35 దాటి, బండి మీద పొలానికి పోయి రావడం తప్ప ఆటలు లేని మనిషికి ఈ అంకెలు అతికించకూడదు. ఆయన ఆ ట్రయల్లో లేడు.

ఇప్పుడు పద్ధతి. లెమేర్ 1967లో చెప్పినదాన్ని చిన్నది చేసినదే మనం చేస్తున్నది.

ముందు ఏసీఎల్ గ్రాఫ్ట్ బిగించెయ్యాలి, తరవాతే ఇది. బయటి ఎపికాండైల్‌కు (తొడ ఎముక కింది కొస పక్క గుబ్బ) కాస్త వెనగ్గా 5 నుంచి 6 సెం.మీ. కోత. కొవ్వు పక్కకు తోసి ఐటీ బ్యాండు శుభ్రంగా కనపడేలా చెయ్యి. బ్యాండు వెనక సగంలోంచి 1 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. పొడవు పట్టీ తియ్యి. అన్నిటికంటే వెనకున్న పోగులను వదిలెయ్యి, అవే అసలు తిరుగుడును కాసే పొర. కింద గెర్డీ గుబ్బ (టిబియా పైభాగం ముందు బయటి గుబ్బ) దగ్గర అతుకు ముట్టుకోవద్దు. పై కొస కోసి, 1వ నంబరు వైక్రిల్‌తో విప్ కుట్టు వెయ్యి. పట్టీని లోతు పొర నుంచి విడదీస్తూ కిందికి రా.

ఎల్‌సీఎల్ (బయటి పక్క కట్టు) వెతకడానికి కాలును నాలుగు అంకె ఆకారంలో మడిచి పెట్టు. పెన్సిలంత తాడు వేలికి తగులుతుంది. దాని ముందొకటి, వెనకొకటి చిన్న కోతలు. కోత లోతుగా పోతే కీలు తెరుచుకుంటుంది, పాప్లిటియస్ స్నాయువు కూడా అక్కడే ఉంది. వంపు ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టీని ఎల్‌సీఎల్ కిందనుంచి పైకి లాగు.

బిగించే చోటు ఎల్‌సీఎల్ మొదలుకు పైన, బయటి గ్యాస్ట్రోక్నీమియస్ (పిక్క కండ) స్నాయువుకు ముందు, తొడ ఎముక విచ్చుకునే చోట. అక్కడున్న కొవ్వు గీకి ఎముక కనపడనివ్వు. మోకాలు 60 డిగ్రీలు, పాదం నిటారుగా, లోపలికీ బయటికీ తిప్పకుండా. పట్టీ సాగదీయకూడదు, వదులు పోయేంత లాగితే చాలు. చిన్న స్టేపుల్ కొట్టు, మిగిలిన కొసను తన మీదకే మడిచి కుట్టెయ్యి.

టూర్నికే (తొడకు రక్తం ఆపే పట్టీ) దించి, ఎల్‌సీఎల్ చుట్టూ రక్తనాళాలను కాటరీతో ఆపాకే మూసుకురా. ఐటీ బ్యాండును కిందిదాకా బిగించి మూస్తే చిప్ప బయటికి లాగబడుతుంది. కింద కొంత వదిలెయ్యి.

8. ఆత్మకూరు_ఓటీ

బల్ల సర్దేవాళ్ళ కోసం. ఎల్‌ఈటీ ఉందని ముందే చెప్పండి సార్, మధ్యలో ‘స్టేపుల్ ఉందా’ అని అరిస్తే రాదు. కావలసినవి: చిన్న రిచర్డ్స్ స్టేపుల్, కొట్టేది, తీసేది రెండూ, లేకపోతే 4.5 లేదా 5 మి.మీ. సూచర్ యాంకర్, లాంగెన్‌బెక్‌లు (కోత విడదీసి పట్టేవి) రెండు, వంపు ఆర్టరీ, 15వ నంబరు బ్లేడు, స్టెరైల్ స్కేలు. స్కేలు లేకుండా 1 సెం.మీ. అని కంటితో తీస్తే 6 మి.మీ. పట్టీ వస్తుంది, కుట్టు వెయ్యగానే చీలుతుంది.

గ్రాఫ్ట్‌ను ఉత్త సెలైన్ గాజుగుడ్డలో పెట్టొద్దు. 100 మి.లీ. సెలైన్‌లో 500 మి.గ్రా. వ్యాంకోమైసిన్ కలిపితే మి.లీ.కి 5 మి.గ్రా. అవుతుంది. ఆ నీళ్ళలో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, కీల్లోకి పెట్టేదాకా ఉంచాలి. ఖర్చు తక్కువ, కీలు చీము పట్టడం బాగా తగ్గుతుంది.

9. ఒంగోలు_కీలు

7వ పోస్టులో ఒక మాట తక్కువైంది: టన్నెళ్ళు గుద్దుకోవడం. ఏసీఎల్ తొడ టన్నెల్ బయటికి వచ్చేచోటూ ఎల్‌ఈటీ బిగించే చోటూ పక్కపక్కనే. స్టేపుల్ పైపైనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. స్క్రూ వేసే వాళ్ళు డ్రిల్‌ను సుమారు 30 డిగ్రీలు ముందుకూ, కొంచెం పైకీ తిప్పాలి. నేరుగా అడ్డంగా తోస్తే ఏసీఎల్ గ్రాఫ్ట్‌ను కోసేస్తుంది, లేదా గ్రాఫ్ట్‌ను ఎముకకు పట్టి ఉంచే బటన్ లూప్‌ను తెంపుతుంది. అనుమానం ఉంటే ఏసీఎల్ టన్నెల్లో స్కోపు పెట్టి చూస్తూ డ్రిల్ చెయ్యండి.

ఎల్‌ఈటీ ఎందుకు పనిచేస్తుందంటే చోటు వల్ల. తిరిగే బండి చక్రాన్ని ఇరుసు దగ్గర పట్టుకుంటే చేతులు నొప్పి పుట్టడమే గాని ఆగదు, అంచు దగ్గర పట్టుకుంటే కొద్ది బలంతో ఆగుతుంది. ఏసీఎల్ కీలు మధ్యలో ఉంది, పట్టీ అంచున ఉంది. అదే లక్షణం ప్రమాదం కూడా. పాదాన్ని బయటికి తిప్పి పట్టుకుని బిగిస్తే టిబియా ఆ భంగిమలోనే కట్టేసినట్టవుతుంది, బయటి గది (కీలు బయటి సగం) మీద ఒత్తిడి పెరుగుతుంది. పాతకాలంలో ఈ ఆపరేషన్‌కు చెడ్డపేరు వచ్చింది అందుకే. ఏసీఎల్ వెయ్యకుండా ఇదొక్కటే వేసి, పాదం బయటికి తిప్పి, నెలల తరబడి పిండికట్టులో పెట్టేవారు.

నేను వద్దనే మోకాళ్ళు: బయటి గది గుజ్జు ఇప్పటికే అరిగినవి, బయటి మెనిస్కస్ చాలావరకు తీసేసినవి, వెనక బయటి మూల తెగినవి. ఆఖరిదాంట్లో టిబియా ఎలాగూ బయటికి తిరిగి ఉంటుంది. దాన్ని అలాగే కట్టి పడేసినట్టవుతుంది.

10. పొగతోట_పీజీ

మరి ఏఎల్‌ఎల్? రెండు బండిళ్ళ ఏసీఎల్ (గ్రాఫ్ట్‌ను రెండు పాయలుగా వెయ్యడం)?

11. దర్గామిట్ట_ఆర్థో

ఏఎల్‌ఎల్ గురించి 2013లో బెల్జియం నుంచి క్లాస్ బృందం రాసింది. కొత్త లిగమెంటు దొరికిందని పేపర్లు హడావుడి చేశాయి, సెగాండ్‌కు ముందే తెలిసినదైనా. తొడ వైపు మొదలు ఎపికాండైల్‌కు కాస్త పైన, కాస్త వెనక. టిబియా వైపు గెర్డీ గుబ్బకూ ఫిబులా (పక్కనున్న సన్న ఎముక) తలకూ మధ్యలో, కీలు గీతకు 5 నుంచి 10 మి.మీ. కింద. మొదలు అక్కడ ఉండబట్టే కాలు చాపినప్పుడు బిగుస్తుంది, మడిస్తే వదులవుతుంది.

అందుకే ఎల్‌ఈటీ లాగా 60 డిగ్రీల్లో బిగించకూడదు. పూర్తిగా చాపి, పాదం నిటారుగా పెట్టి బిగించాలి. మడిచి బిగిస్తే కాలు చాపడం రాదు. గ్రాసిలిస్ (తొడ లోపలి పక్క సన్నటి స్నాయువు) సరిపోతుంది. రెండు మూడు చిన్న కోతల్లో, చర్మం కింద ఐటీ బ్యాండు లోతున దాటిస్తారు. ఐటీ బ్యాండు చెక్కుచెదరదు, మచ్చ చిన్నది, అది దీని మేలు. ఇంకో స్నాయువు ఖర్చవుతుంది, టన్నెళ్ళు పెరుగుతాయి, స్క్రూల బిల్లు పెరుగుతుంది, అది కీడు. ఫ్రాన్స్‌లో సొనరీ-కొట్టే బృందం 2017లో 502 మంది ఆటగాళ్ళ ఫలితాలు ఇచ్చింది. ఏఎల్‌ఎల్ కలిపిన హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ తెగడం ఉత్త నాలుగు పోగుల హ్యామ్‌స్ట్రింగ్ కంటే 3.1 రెట్లు తక్కువ. కాకపోతే అది లాటరీ వేసి పంచిన ట్రయల్ కాదు.

జిల్లా ఆసుపత్రి స్థాయిలో నా ఓటు ఎల్‌ఈటీకే. ఒక పట్టీ, ఒక స్టేపుల్.

రెండు బండిళ్ళ పద్ధతి: టన్నెళ్ళు నాలుగు, చిన్న మోకాల్లో పట్టవు, మళ్ళీ చెయ్యాల్సి వస్తే నరకం. సరైన చోట ఒక్క బండిలు 8 మి.మీ.కి తగ్గకుండా వేసి, అవసరమైతే పక్కన పట్టీ వేస్తే సరిపోయే పనికి అంత తంటా అక్కర్లేదు.

12. కందుకూరు_కోచ్

సార్లూ, ఆటగాళ్ళ వైపు నుంచి రెండు ప్రశ్నలు. మనవైపు కుర్రాళ్ళు మోకాలు బెసికితే ముందు నాటు కట్టుకే పోతారు. మూడు వారాలు కట్టు, తరవాత నూనె మర్దన. వాపు తగ్గాక ఆడేస్తారు. దానివల్ల లోపల ఏమవుతుంది? రెండోది, ఈ పట్టీ వేశాక గొంతుక్కూర్చోవడం, రైడ్‌లో డైవ్ చెయ్యడం కుదురుతుందా? సంక్రాంతి పోటీలు పెట్టుకుని అందరూ నెలలు లెక్కపెడుతుంటారు.

13. ఒంగోలు_కీలు

కట్టు వేసినా వెయ్యకపోయినా పూర్తిగా తెగిన ఏసీఎల్ ఆట ఆడేంత గట్టిగా అతుక్కుంటుందని నమ్ముకోలేం, అది కీలు నీళ్ళలో ఉంది. మూడు వారాల కట్టుతో మోకాలు బిగుసుకుపోతుంది, తొడ కండ కరుగుతుంది. వాపుతో, బిగుసుకున్న మోకాలికి వెంటనే ఆపరేషన్ చేస్తే తరవాత అసలు వంగదు. అందుకే కట్టు విప్పి వచ్చినవాళ్ళను ముందు ఫిజియో దగ్గరకు పంపి, పూర్తిగా చాపడం, 120 డిగ్రీలు మడవడం, వాపు పోవడం వచ్చాకే తేదీ ఇస్తాం.

అసలు నష్టం ఆ తరవాతి ఆటలో. పట్టు తప్పిన ప్రతిసారీ లోపలి మెనిస్కస్ వెనక కొస నలుగుతుంది. ఆర్నెల్ల తరవాత వచ్చేసరికి కుట్టదగ్గ చీలిక కాస్తా కోసి తియ్యాల్సిన ముక్క అవుతుంది.

గొంతుక్కూర్చోవడం కుదురుతుంది. ఉత్త ఏసీఎల్, ఎల్‌ఈటీ అయితే సుమారు 4 నెలల నుంచి మెల్లగా. మెనిస్కస్ కుట్టి ఉంటే 90 డిగ్రీలు దాటి బరువు మోపి మడవడం 4 నుంచి 6 నెలలు వద్దు. ఇంట్లో ఇండియన్ మరుగుదొడ్డే ఉంటే డిశ్చార్జి రోజునే కమోడ్ కుర్చీ కొనమని చెప్పాలి. ఇది చీటీలో రాయకపోతే కుట్టు తెగేది అక్కడే. పొగాకు కాల్చే బ్యారన్‌లో వాసాలెక్కి కర్రలు అందుకునే పని కూడా 6 నెలలు కట్.

14. కావలి_ఫిజియో

ఫిజియో వైపు నుంచి చేరుస్తాను. ఎల్‌ఈటీ వేసిన మోకాలు మొదటి 3 నెలలు ఉత్త ఏసీఎల్ కంటే ఎక్కువ నొప్పి పెడుతుంది, బయటి పక్కన. కండ మేలుకోవడం కూడా ఆలస్యం. ముందే చెప్తే కంగారు పడరు.

మొదటి 2 వారాల్లో మోకాలు సున్నాకు చాపాలి, 90కి మడవాలి. 6 వారాలకు 120. ఒళ్ళు వదులున్న వాళ్ళకు సున్నా చాలు, బోర్లా పడుకోబెట్టి బరువులు వేలాడదీసి వెనక్కి వంచకండి. హ్యామ్‌స్ట్రింగ్ తీసిన కాలికి 6 వారాలు బరువుతో వెనక కండ వ్యాయామం వద్దు, పిక్క పైన కసుక్కుమని పోగు తెగి నల్లగా కములుతుంది. గ్రాఫ్ట్ అన్నిటికంటే బలహీనంగా ఉండేది 6 నుంచి 12 వారాల మధ్య. నొప్పి పోయి ధైర్యం వచ్చేదీ అప్పుడే. కాలవకట్ట మీద బైకు జారి వచ్చే కేసులు ఆ నెలల్లోవే.

పరుగు 4వ నెలలో, అదీ తొడ కండ మంచి కాల్లో 70 నుంచి 80 శాతం ఉంటేనే. ఆటకు 9 నెలల ముందు వద్దు. గ్రిండెమ్ బృందం 2016లో చూపింది ఇదే: 9 నెలల వరకు ఆట ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్ళీ దెబ్బ తగిలే ప్రమాదం దాదాపు సగం తగ్గింది. నెలలు నిండితే చాలదు, కండ బలం 90 శాతం, ఒంటికాలి గెంతులు నాలుగు రకాలూ 90 శాతం రావాలి. కోచ్ గారూ, కబడ్డీలో ఆఖర్న పెట్టాల్సింది యాంకిల్ హోల్డ్ విడిపించుకోవడం. పాదం ఇంకొకరి చేతిలో ఇరుక్కుని ఒళ్ళు తిరుగుతుంది, పివట్ షిఫ్ట్ పరీక్ష లాంటిదే అది.

15. పొగతోట_పీజీ

ర్యాంప్ కుట్టడం ఒకసారి చెప్పండి సార్. స్కోపు ముందు నుంచి పెడితే కనపడదు కదా.

16. దర్గామిట్ట_ఆర్థో

ముందు పోర్టల్ నుంచి కనపడేది పై అంచు మాత్రమే. మోకాలు 90 డిగ్రీల దగ్గర పెట్టి, బయటి పోర్టల్ నుంచి స్కోపును పీసీఎల్‌కూ (ఏసీఎల్ వెనకున్న కట్టు) లోపలి కాండైల్‌కూ (తొడ ఎముక లోపలి గుండు) మధ్య సందులోంచి వెనక గదిలోకి తొయ్యి. మొదట మొద్దు ట్రోకార్‌తో (దారి చేసే కడ్డీ) పోయి తరవాత స్కోపు మార్చు, గుజ్జు గీరుకోదు. గది లైటు ఆర్పితే చర్మం లోంచి స్కోపు వెలుగు కనపడుతుంది. సఫీనస్ సిర నీడలా తెలుస్తుంది. దాన్ని తప్పించి సూది గుచ్చి, సూది సరైన చోట దిగిందని చూశాకే వెనక లోపలి పోర్టల్ కోత.

హుక్‌తో లాగి చూడు. మెనిస్కస్ ముందుకు జారి, అడుగున టిబియా కనపడితే అది కుట్టాల్సినదే. అంచులు షేవర్‌తో గీకి రక్తం చెమ్మ వచ్చాక, వంపు సూచర్ హుక్‌తో క్యాప్సూల్, మెనిస్కస్ రెండూ పట్టేలా పీడీఎస్ (మెల్లగా కరిగే దారం) కుట్లు. చాలావాటికి రెండో మూడో సరిపోతాయి. ఏసీఎల్ గ్రాఫ్ట్ లోపలికి లాగక ముందే ఈ పని అవ్వాలి, తరవాత సందు ఉండదు.

బయటి మెనిస్కస్ వేరు తెగితే కథ వేరు. టిబియాలో చిన్న టన్నెల్ వేసి దారం కిందికి లాగి కట్టాలి. 6 వారాలు బరువు మోపకూడదు.

17. ఎక్స్‌రే_గది

స్లోప్ ఎంతుంటే ఎక్కువో ఎవరూ చెప్పలేదు. మామూలుగా లోపలి వైపు 7 నుంచి 10 డిగ్రీలు. 12, ఆపైన ఉంటే నిలబడ్డ ప్రతిసారీ టిబియా ముందుకు తోసుకుంటుంది, గ్రాఫ్ట్ సాగుతుంది. రెండుసార్లు గ్రాఫ్ట్ తెగి వచ్చినవాళ్ళలో ఇది తప్పక కొలవండి.

18. ఒంగోలు_కీలు

12 దాటి, ఒకసారైనా గ్రాఫ్ట్ తెగినవాళ్ళలో టిబియా ముందు నుంచి, ముందు వెడల్పుగా వెనక సన్నగా ఉండే ముక్క తీసి మూసే ఆస్టియాటమీ (ఎముక కోసి కోణం సరిచేసే ఆపరేషన్) ఆలోచిస్తాం. ముక్క వెడల్పు వైపు 1 మి.మీ. తీస్తే సుమారు 1 డిగ్రీ తగ్గుతుంది. వెనక ఎముక గోడ తలుపు బందులాగా మిగలాలి, తెగితే మొత్తం ఊగుతుంది. స్లోప్ 5 డిగ్రీల దగ్గరకు వచ్చాక ఆపాలి. మొదటి ఆపరేషన్లోనే చెయ్యాల్సిన పని కాదు.

ఇక్కడొక మెలిక. స్లోప్ తగ్గించిన కొద్దీ మోకాలు వెనక్కి పోవడం పెరుగుతుంది. ఇప్పటికే 10 డిగ్రీలు దాటి వెనక్కి పోయే మోకాలికి ఈ ఆపరేషన్ చేస్తే ఏసీఎల్ బాగుపడి పీసీఎల్, వెనక క్యాప్సూల్ సాగుతాయి. కాబట్టి 1వ పోస్టులోని మోకాలికి స్లోప్ 13 ఉన్నా నేను కత్తి ఎత్తేముందు చాలా ఆలోచిస్తాను.

వెనక బయటి మూల కోసం డయల్ పరీక్ష మర్చిపోకండి. బోర్లా పడుకోబెట్టి పాదాలు బయటికి తిప్పండి. 30 డిగ్రీల్లో మాత్రమే తేడా 10 డిగ్రీలు దాటితే మూల ఒక్కటే తెగింది, 90లోనూ దాటితే పీసీఎల్ కూడా. దొడ్డికాలు ఉంటే ముందు ఎముక సరిచెయ్యాలి, లేకపోతే ఎంత బాగా కట్టినా సాగిపోతుంది.

19. కావలి_ఫిజియో

అడిగినవన్నీ తీయించారు. స్లోప్ 9. కాళ్ళు నిటారు. టన్నెల్ సీటీలో 27 శాతం, 31 శాతం, వెడల్పు 9 మి.మీ. ఎమ్మారై మళ్ళీ చదివితే లోపలి వెనక కొస దగ్గర తెల్ల గీత, ర్యాంప్ అనుమానం అన్నారు. డయల్ రెండు వైపులా సమానం. ఎంసీఎల్ గట్టిగా ఉంది.

20. దర్గామిట్ట_ఆర్థో

అయితే గ్రాఫ్ట్ పీకే పని లేదు. టన్నెల్ చోటు బాగుంది, వెడల్పు కాలేదు. 14, 15 మి.మీ. దాటి ఉంటే ముందు ఎముక పొడి నింపి కొన్ని నెలలు ఆగి రెండు విడతల్లో చెయ్యాల్సి వచ్చేది.

మత్తు ఇచ్చాక రెండు మోకాళ్ళకూ పివట్ చూసి రాసుకోవాలి. స్కోపు పెట్టి గ్రాఫ్ట్‌ను హుక్‌తో లాగి బిగువు చూడాలి. వెనక గదిలోకి పోయి ర్యాంప్, బయటి వేరు రెండూ చూడాలి. ర్యాంప్ జారుతుంటే కుట్టి, బల్ల మీదే మళ్ళీ పివట్ చూడాలి. తిరుగుడు ఇంకా మిగిలితే ఎల్‌ఈటీ. గ్రాఫ్ట్ వదులుగా తేలితే మాత్రం రివిజన్ (కొత్త గ్రాఫ్ట్ వెయ్యడం), దానితోపాటు ఎల్‌ఈటీ. కాబట్టి అనుమతి పత్రంలో మూడూ రాయించాలి. ఇంట్లోవాళ్ళకు ‘కుట్టు ఒకటే కావచ్చు, పట్టీ కావచ్చు, కొత్త గ్రాఫ్ట్ కావచ్చు, లోపల చూశాక తేలుతుంది’ అని ముందే చెప్పాలి.

21. ఒంగోలు_కీలు

ఒక్కదాంట్లో తేడా. బైటన్ 6, వెనక్కి 12 డిగ్రీలు, కబడ్డీ. ర్యాంప్ కుట్టాక బల్ల మీద పివట్ పోయినా నేను ఎల్‌ఈటీ వేసే లేపుతాను. కొత్త కుట్టును కాపాడేది అదే.

రివిజన్ అయ్యే పక్షంలో గ్రాఫ్ట్ ఎక్కడ నుంచి అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఆ కాలి హ్యామ్‌స్ట్రింగ్ అయిపోయింది. పటెల్లా (చిప్ప) స్నాయువు, క్వాడ్రిసెప్స్ (తొడ ముందు కండ) స్నాయువు, పెరోనియస్ లాంగస్ (చీలమండ బయటి పక్క స్నాయువు) మిగిలాయి. రైడర్‌కు చీలమండ కూడా ముఖ్యం కాబట్టి నా వరస క్వాడ్రిసెప్స్, తరవాత పటెల్లా.

22. పొగతోట_పీజీ

స్టేపుల్ తరవాత తీసెయ్యాలా సార్?

23. ఆత్మకూరు_ఓటీ

గుచ్చుకుంటోందంటే తీస్తారు, లేకపోతే ఉండనిస్తారు. సన్నగా ఉన్నవాళ్ళకు, ఒక పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు ఎక్కువ గుచ్చుకుంటుంది. పట్టీ ఎముకకు పట్టుకోవాలి కాబట్టి ఏడాది లోపు ముట్టుకోరు. తీసే రోజుకు అదే కంపెనీ ఎక్స్‌ట్రాక్టర్ కావాలి. స్టేపుల్ స్టిక్కరు కేసు షీటులో అంటించండి, డిశ్చార్జి కాగితం మీద కూడా ఒకటి. ఏ ఊళ్ళో తీయించుకున్నా పనికొస్తుంది.